అమెరికా స్త్రీల చరిత్ర బోధన: ‘పాత్రల మార్పు’ అన్న భావనకు ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా స్త్రీల చరిత్రను ఇంటి నుంచి ఓటు దాకా, ఓటు నుంచి ఉద్యోగం దాకా అంచెలంచెలుగా సాగిన పురోగతిగా బోధించడం పరిపాటి. ఈ కథనంలో ‘పాత్ర’ అన్న ఒక్క మాట మూడు వేర్వేరు విషయాలను కలిపేస్తుంది. అవి స్త్రీలు వాస్తవంగా చేసిన పని, చట్టం వారికి గీసిన హద్దు, ఆ పనికి సమాజం పెట్టిన పేరు. వీటిని విడదీసి చూపకపోతే నిర్బంధం ఇష్టంగానూ, కొందరి నష్టం అందరి ప్రగతిగానూ కనిపించే ప్రమాదం ఉంది. స్త్రీల చరిత్ర ఒక బోధనాంశంగా రూపొందిన క్రమాన్ని, చట్టం, పని, ఆకరాలు అనే మూడు రంగాల నుంచి ఎంచుకున్న ఉదాహరణలను ఈ వ్యాసం ఈ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్త్రీల చరిత్ర, బోధన, పాత్ర, గెర్డా లెర్నర్, ఆకరాలు, పౌరసత్వం, ఇంటిపని.

1. ప్రస్తావన

చరిత్ర తరగతిలో వాడే ఒక భావన న్యాయస్థానంలో ఎటువంటి వాదానికి ఆధారం కాగలదో తెలిపే ఉదంతాలు అరుదు. అమెరికా స్త్రీల చరిత్రకు సంబంధించి అటువంటి ఉదంతం ఒకటి ఉంది. 1979లో అమెరికా ప్రభుత్వానికి చెందిన సమాన ఉద్యోగావకాశాల సంఘం సియర్స్ రోబక్ అనే వర్తక సంస్థపై దావా వేసింది. ఆ సంస్థలో కమీషన్ పద్ధతిపై ఖరీదైన వస్తువులు అమ్మే ఉద్యోగాలకు రాబడి ఎక్కువ. వాటిలో స్త్రీల సంఖ్య మాత్రం తక్కువ. ఇది వివక్ష ఫలితమని సంఘం వాదించింది. స్త్రీలే ఆ ఉద్యోగాల పట్ల ఆసక్తి చూపలేదని సంస్థ సమాధానమిచ్చింది.

1984-85లో షికాగోలోని ఫెడరల్ జిల్లా కోర్టులో జరిగిన విచారణలో స్త్రీల చరిత్రలో నిష్ణాతులైన ఇద్దరు చరిత్రకారిణులు ఎదురెదురు పక్షాల సాక్షులుగా నిలిచారు. ఉద్యోగం విషయంలో స్త్రీల ఆశయాలు, విలువలు పురుషుల కంటే చారిత్రకంగా భిన్నమైనవని, కనుక ఉద్యోగాలలో కనిపించే అసమానత అంతా యజమాని వివక్ష కానక్కరలేదని రోజలిండ్ రోజెన్‌బర్గ్ సంస్థ పక్షాన వివరించారు. తలుపు తెరిచిన ప్రతిసారీ స్త్రీలు కొత్త ఉద్యోగాలలోకి వచ్చారని, ‘ఎంపిక’గా కనిపించేది యజమానులు మిగిల్చిన అవకాశాల నుంచి చేసుకున్నదేనని ఆలిస్ కెస్లర్-హారిస్ సంఘం పక్షాన వివరించారు. 1986లో తీర్పు సంస్థకు అనుకూలంగా వచ్చింది. సంఘం సమర్పించిన గణాంకాలలోని లోపాలు, వివక్షకు గురైన వ్యక్తుల సాక్ష్యం లేకపోవడం అందుకు ముఖ్య కారణాలు. అయితే ఆసక్తుల భేదాన్ని గురించిన వాదాన్ని కూడా న్యాయమూర్తి అంగీకరించారు. 1988లో అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖాయపరిచింది.

ఇద్దరూ ఒకే శాస్త్రానికి చెందినవారు. ఇద్దరూ ఆధారంగా తీసుకున్నది దాదాపు ఒకే చరిత్ర. భేదమంతా ‘స్త్రీల పాత్ర’ను ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే వచ్చింది. పాత్ర స్త్రీల మనస్సులో ఉండే మొగ్గా, లేక బయట నుంచి విధించిన హద్దా? తరగతి గదిలో ఈ ప్రశ్నను లేవనెత్తకుండా పాత్రల మార్పును మాత్రమే వరుసగా చెప్పుకుపోతే, విద్యార్థి తెలియకుండానే మొదటి సమాధానాన్ని స్వీకరిస్తాడు. ఈ వ్యాసం చర్చించే సమస్య ఇదే.

2. బోధనాంశంగా స్త్రీల చరిత్ర

అమెరికా చరిత్ర గ్రంథాలలో స్త్రీలకు చోటు లేదన్న ఆక్షేపణ 20వ శతాబ్దపు తొలి దశకాల నుంచే ఉంది. ఆర్థర్ ష్లెసింజర్ 1922లో వెలువరించిన ‘న్యూ వ్యూపాయింట్స్ ఇన్ అమెరికన్ హిస్టరీ’లో అమెరికా చరిత్రలో స్త్రీల పాత్రపై ఒక అధ్యాయమే రాశాడు. చరిత్రకారుల మౌనాన్ని ఎత్తిచూపిన ఆ అధ్యాయం శీర్షికలోనే ‘పాత్ర’ అన్న మాట ఉండటం గమనించదగినది. జరిగిన చరిత్ర ఒక నాటకమైతే అందులో స్త్రీలు పోషించిన వేషమేమిటన్నది ఆ ప్రశ్న స్వరూపం. నాటకాన్నే తిరగరాయాలన్న ఆలోచన ఇంకా రాలేదు.

ఆ ఆలోచనకు దారి వేసిన వ్యక్తి మేరీ బియర్డ్. 1935లో ఆమె రోజికా ష్విమ్మర్‌తో కలిసి స్త్రీలకు సంబంధించిన పత్రాల కోసం ఒక ప్రపంచ కేంద్రాన్ని తలపెట్టింది. తగినంత ధనం, ఏకాభిప్రాయం లేక 1940లో అది మూతపడింది. 1942లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో స్త్రీల ప్రస్తావన ఎలా ఉందో పరిశీలించి ఆమె తన సహచరులతో కలిసి ఒక నివేదిక సమర్పించింది. ఆ పనిని సంపాదకుడే కోరి చేయించుకున్నా, సూచనలలో ఎక్కువ భాగం అమలుకు నోచుకోలేదు. అయినా ఆమె కృషి పూర్తిగా వృథా కాలేదు. స్మిత్ కళాశాలలో 1942లో, రాడ్‌క్లిఫ్ కళాశాలలో 1943లో స్త్రీల పత్రాల సేకరణలు ప్రారంభమయ్యాయి. తర్వాతి తరం పరిశోధనకు ఇవే పునాదులయ్యాయి. 1946లో వచ్చిన ‘వుమన్ యాజ్ ఫోర్స్ ఇన్ హిస్టరీ’లో బియర్డ్, స్త్రీలను ఎల్లకాలం అణగారిన వర్గంగా మాత్రమే చూడటం కూడా చరిత్రను వక్రీకరించడమేనని వాదించింది.

గెర్డా లెర్నర్‌తో ఈ శాస్త్రం విశ్వవిద్యాలయంలో స్థిరపడింది. వియన్నాలో 1920లో పుట్టి, నాజీల నుంచి తప్పించుకొని 1939లో అమెరికా చేరిన ఆమె 1963లో న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో అమెరికా చరిత్రలోని గొప్ప స్త్రీల గురించి ఒక పాఠ్యక్రమం బోధించింది. అప్పటికి ఆమె ఇంకా పట్టభద్రురాలు కాలేదు. 1972లో సారా లారెన్స్ కళాశాలలో స్త్రీల చరిత్రలో స్నాతకోత్తర కార్యక్రమాన్ని ప్రారంభించింది. అమెరికాలో అదే మొదటిది. 1979 వేసవిలో అదే కళాశాలలో స్త్రీ సంఘాల నాయకురాళ్ళకు ఆమె నిర్వహించిన శిక్షణలో, కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో పాఠశాలలు అంతకుముందు ఏడాది జరుపుకొన్న స్త్రీల చరిత్ర వారోత్సవం చర్చకు వచ్చింది. 1980లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దానిని జాతీయ స్థాయిలో ప్రకటించాడు. 1987 నుంచి మార్చి నెల మొత్తం స్త్రీల చరిత్ర మాసమైంది.

తాను మొదలుపెట్టిన బోధనా పద్ధతిని తానే విమర్శించడం లెర్నర్‌లోని విశేషం. 1975లో రాసిన ఒక వ్యాసంలో ఆమె స్త్రీల చరిత్ర రచనను దశలుగా వర్గీకరించింది. మరుగున పడ్డ గొప్ప స్త్రీలను వెలికితీయడం లోటును పూడ్చే చరిత్ర. ఉద్యమాలకు, సంస్థలకు స్త్రీలు చేసిన దోహదాన్ని వివరించడం దోహద చరిత్ర. ఈ రెండూ అవసరమే కాని, రెండింటిలోనూ ప్రాముఖ్యాన్ని నిర్ణయించే కొలమానం పురుషుల చరిత్ర నుంచి తెచ్చుకున్నదే. స్త్రీల అనుభవాన్ని కేంద్రంగా తీసుకుంటే కాలవిభజన మారుతుంది, ఏది ముఖ్య ఘటన అన్న అంచనా మారుతుంది. 1963లో ‘గొప్ప స్త్రీలు’ అని పాఠం చెప్పిన వ్యక్తి పన్నెండేళ్ళలో ఈ నిర్ణయానికి చేరడం ఆ శాస్త్రం ఎదిగిన తీరుకు నిదర్శనం. పాఠశాలల్లో జరిగే ఉత్సవాలు, ప్రదర్శనలు మాత్రం చాలావరకు మొదటి దశలోనే నిలిచిపోయాయి.

3. అంచెల కథనం: బలం, పరిమితి

పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించే వరుస ఇది. వలసకాలంలో ఇంటిని ఉత్పత్తి కేంద్రంగా నడిపిన గృహిణి. విప్లవానంతరం దేశానికి సత్పౌరులను పెంచే ‘గణతంత్ర మాత’. 19వ శతాబ్దపు పూర్వార్ధంలో ఇంటికే పరిమితమైన ‘నిజమైన స్త్రీ’. 1848 జూలైలో సెనెకా ఫాల్స్ సభ, అందులో 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకం చేసిన ప్రకటన. 1920లో 19వ రాజ్యాంగ సవరణతో ఓటు హక్కు. రెండవ ప్రపంచ యుద్ధంలో కర్మాగారం. యుద్ధానంతరం శివారు ఇల్లు. 1963లో బెటీ ఫ్రీడన్ పుస్తకం. 1964, 1972 సంవత్సరాల సమానత్వ చట్టాలు.

ఈ కథనానికి బలం లేకపోలేదు. గుర్తుంచుకోవడం తేలిక. మార్పు సాధ్యమన్న నమ్మకాన్ని ఇస్తుంది. ఉద్యమాల శ్రమను గౌరవిస్తుంది. కాని ఇందులోని ఒక్కొక్క మెట్టు దేని మీద నిలిచి ఉందో చూస్తే చిక్కు తెలుస్తుంది. ఉదాహరణకు ‘నిజమైన స్త్రీ’ అన్న మెట్టు ప్రధానంగా బార్బరా వెల్టర్ 1966లో రాసిన వ్యాసం మీద ఆధారపడింది. 1820 నుంచి 1860 వరకు వెలువడిన స్త్రీల పత్రికలను, కానుక పుస్తకాలను, మత ప్రబోధాలను పరిశీలించి, దైవభక్తి, పవిత్రత, విధేయత, గృహనిబద్ధత అనే నాలుగు గుణాలను ఆనాటి ఆదర్శంగా ఆమె గుర్తించింది. అది స్త్రీలు ఎలా ఉండాలని చెప్పిన సాహిత్యం. స్త్రీలు ఎలా ఉన్నారో చెప్పే సాహిత్యం కాదు. పాఠ్యపుస్తకంలోకి వచ్చేసరికి ఆదర్శం ఆచరణగా మారిపోయింది.

లెర్నర్ 1969లో రాసిన ‘ది లేడీ అండ్ ద మిల్ గర్ల్’ ఈ పొరపాటును ముందే పసిగట్టింది. ఇంటిపట్టున ఉండే కులీన స్త్రీ ఆదర్శమైన దశాబ్దాలలోనే మసాచుసెట్స్‌లోని లోవెల్ బట్టల మిల్లుల్లో వేలాది యువతులు కూలికి చేరారు. 1834లోనూ, 1836లోనూ జీతాల కోతకు, వసతి ఖర్చుల పెంపుకు వ్యతిరేకంగా పని మానేశారు. 1840ల్లో రోజుకు పది గంటల పని కోరుతూ శాసనసభకు విన్నపాలు పంపారు. అదే కాలంలో వైద్యం లైసెన్సులు, కళాశాలలు గల వృత్తిగా మారుతూ, అంతకుముందు అనుభవంతో వైద్యం చేసిన స్త్రీలను బయటికి నెట్టింది. ఒకే కాలంలో ఒక వర్గానికి తలుపు తెరుచుకుంది, మరొక వర్గానికి మూసుకుంది. ‘ఆ కాలపు స్త్రీ పాత్ర’ అని ఏకవచనంలో చెప్పడానికి వీలు లేదు.

4. చట్టం: ఎవరి హక్కు?

హక్కుల చరిత్రను ఎక్కుడు మెట్లుగా బోధించే పద్ధతికి న్యూజెర్సీ మొదటి ఆటంకం. 1776 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం యాభై పౌన్ల ఆస్తి గల నివాసులందరికీ ఓటు ఇచ్చింది. 1790ల నాటి ఎన్నికల చట్టాలు ఓటరును ప్రస్తావిస్తూ స్త్రీ వాచక సర్వనామాన్ని కూడా స్పష్టంగా వాడాయి. వివాహితకు సొంత ఆస్తి ఉండదు కనుక ఈ హక్కును ముఖ్యంగా అవివాహితలు, వితంతువులు వినియోగించుకున్నారు. 1807లో శాసనసభ ఓటును పన్ను చెల్లించే తెల్ల పురుషులకు పరిమితం చేసింది. స్త్రీలూ, స్వేచ్ఛ పొందిన నల్లవారూ ఒకే చట్టంతో ఓటు పోగొట్టుకున్నారు. 1920ని ‘మొదటి’ ఓటుగా చెప్పినప్పుడు ఈ పోగొట్టుకోవడం కనిపించకుండా పోతుంది.

వివాహితల ఆస్తి చట్టాలు రెండవ ఉదాహరణ. ఆంగ్ల సామాన్య న్యాయం ప్రకారం పెళ్ళితో స్త్రీ చట్టపరమైన ఉనికి భర్త ఉనికిలో లీనమవుతుంది. ఆమె ఆస్తి, సంపాదన అతని అధీనంలోకి పోతాయి. ఈ సూత్రాన్ని సడలించిన తొలి చట్టాలలో 1839 నాటి మిసిసిపీ చట్టం ప్రసిద్ధం. దానిలో ఎక్కువ నిబంధనలు భార్య పేరిట ఉన్న బానిసల యాజమాన్యానికి సంబంధించినవి. భర్త అప్పుల కింద ఆ ‘ఆస్తి’ పోకుండా కాపాడటం దాని ముఖ్య ఉద్దేశం. అంతకు రెండేళ్ళ ముందు, చికాసా జాతి ఆచారం ప్రకారం భార్య ఆస్తి భార్యదేనని అదే రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం బెట్సీ లవ్ అనే చికాసా స్త్రీ వ్యవహారంలో తీర్పు చెప్పింది. అక్కడ కూడా వివాదం ఒక బానిస యాజమాన్యం గురించే. ఒక స్త్రీకి హక్కుగా వచ్చినది మరొక స్త్రీ బానిసత్వాన్ని పదిలపరిచింది. 1848 నాటి న్యూయార్క్ చట్టంతో పాటు దీనిని కూడా తరగతిలో చదివించినప్పుడే ‘స్త్రీల హక్కు’ అన్న మాటలో ఎవరున్నారో, ఎవరు లేరో తెలుస్తుంది.

బానిస స్త్రీల విషయంలో చట్టం ఎంత దూరం వెళ్ళిందో 1662 నాటి వర్జీనియా శాసనం చెబుతుంది. ఆంగ్ల న్యాయంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉండేది. ఆ శాసనం దానిని తల్లిని బట్టి నిర్ణయించింది. బానిస తల్లికి పుట్టిన ప్రతి బిడ్డా, తండ్రి యజమానే అయినా, బానిసే. మాతృత్వమన్న ‘పాత్ర’ ఇక్కడ యజమాని సంపదను పెంచే సాధనమైంది. గణతంత్ర మాత గురించి చెప్పే పాఠంలో ఈ తల్లికి చోటు లేదు.

మూలవాసుల విషయంలో కాలరేఖ తలకిందులవుతుంది. చెరోకీ సమాజంలో వంశక్రమం తల్లి వైపు నుంచి సాగేది. వ్యవసాయం స్త్రీల పని. ఆ పనితో పాటు భూమి మీద, సమాజ నిర్ణయాల మీద మాట కూడా వారికి ఉండేది. ఫెడరల్ ప్రభుత్వం ‘నాగరికత’ పేరుతో పురుషులకు నాగలి, స్త్రీలకు రాట్నం ఇచ్చే విధానాన్ని అనుసరించింది. 1817లో చెరోకీ స్త్రీలు ఇక భూమిని వదులుకోవద్దని తమ జాతి పెద్దలకు విన్నవించారు. 1827లో చెరోకీ జాతి రాసుకున్న రాజ్యాంగం ఓటును పురుషులకే పరిమితం చేసింది. సెనెకా ఫాల్స్ సభకు 21 ఏళ్ళ ముందు జరిగిన ఈ మార్పు ‘పాత్రల మార్పు’ కాదా? అవును. కాని అది మెట్టు ఎక్కడం కాదు.

పౌరసత్వ చట్టాలలో భారతదేశానికి కూడా సంబంధించిన ఒక అధ్యాయం ఉంది. 1907 చట్టం ప్రకారం విదేశీయుని పెళ్ళాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వం కోల్పోతుంది. ఓటు వచ్చిన రెండేళ్ళకు, 1922లో, కేబుల్ చట్టం దీనిని సవరించింది. అయితే పౌరసత్వానికి అర్హత లేని జాతుల పురుషులను పెళ్ళాడిన వారికి ఆ సవరణ వర్తించలేదు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఫలితంగా స్వాతంత్ర్యోద్యమకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్ళాడిన మేరీ కీటింగ్ దాస్ పుట్టిన దేశంలోనే పరాయిదైంది. ఈ వివక్ష 1931 వరకు తొలగలేదు. దక్షిణ రాష్ట్రాలలోని నల్లజాతి స్త్రీలలో అత్యధికులకు 19వ సవరణ కాగితం మీదే ఉండిపోయింది. వారికి ఓటు ఆచరణలోకి రావడానికి 1965 నాటి ఓటు హక్కుల చట్టం కావలసి వచ్చింది.

రక్షణ చట్టాల చరిత్ర సియర్స్ వ్యాజ్యాన్ని నేరుగా గుర్తుకు తెస్తుంది. 1908లో ముల్లర్ వ్యాజ్యంలో, బట్టలుతికే కార్మికురాళ్ళ పనిని రోజుకు పది గంటలకు పరిమితం చేసిన ఆరెగాన్ చట్టాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. స్త్రీ శరీరం, మాతృత్వం వేరన్న వాదమే అందుకు ఆధారం. ఆ వాదం శ్రామిక స్త్రీలకు అప్పుడు నిజంగా మేలు చేసింది. అదే వాదం తర్వాత రాత్రి పనుల నుంచి, మంచి జీతం గల పనుల నుంచి వారిని దూరం పెట్టడానికి పనికివచ్చింది. 1923లో ఆలిస్ పాల్ సమాన హక్కుల సవరణను ప్రతిపాదించినప్పుడు ఫ్లోరెన్స్ కెల్లీ వంటి కార్మిక పక్షపాతులు దానిని వ్యతిరేకించడానికి కారణం ఇదే. ఇద్దరూ స్త్రీల మేలు కోరినవారే. ‘భేదం’ అన్న మాట ఎవరి చేతిలో ఏమవుతుందన్నది వారి మధ్య తగవు. 1986 తీర్పుతో ఆ తగవు మళ్ళీ కోర్టు గది దాకా వచ్చింది.

5. పని: చేసినది, లెక్కకెక్కినది

మేరీలాండ్ నుంచి మెయిన్ వరకు వలసకాలపు స్త్రీలు ఇంట్లోనే ఉన్నారన్న మాటను ఒక మంత్రసాని దినచర్య పుస్తకం తిరస్కరిస్తుంది. మెయిన్ ప్రాంతంలోని హాలోవెల్‌లో మార్తా బాలర్డ్ 1785 నుంచి 1812లో చనిపోయే వరకు దాదాపు 10,000 రోజుల వివరాలు రాసింది. ఆ కాలంలో ఆమె 816 పురుళ్ళు పోసింది. మూలికలు పెంచింది, రోగులను చూసింది, కూతుళ్ళతో, పొరుగు అమ్మాయిలతో బట్ట నేయించింది, తనకు రావలసిన డబ్బు లెక్క రాసుకుంది. పూర్వపు చరిత్రకారులు ఈ పుస్తకాన్ని చూసి, అందులో ఇంటి సంగతులు తప్ప మరేమీ లేవని పక్కన పెట్టారు. లారెల్ థాచర్ ఉల్‌రిచ్ 1990లో వెలువరించిన ‘ఎ మిడ్‌వైఫ్స్ టేల్’లో ఆ ‘ఇంటి సంగతుల’ నుంచే ఒక పట్టణపు ఆర్థిక జీవనాన్ని పునర్నిర్మించింది. పురుషుల ఖాతా పుస్తకాలలో కనిపించని ఇచ్చిపుచ్చుకోవడాలు స్త్రీల మధ్య ఎంత విస్తృతంగా సాగాయో ఆ రచన నిరూపించింది. తీరిగ్గా చదివే కన్ను వచ్చేదాకా ఆ పని ఆధారంగా మారలేదు.

19వ శతాబ్దంలో ఇంటిపని తగ్గలేదు. దానికి ‘పని’ అన్న పేరు పోయింది. కూలికి చేసేదే పని అన్న భావన బలపడే కొద్దీ, వంట, ఉతుకుడు, కుట్టు, పిల్లల పెంపకం ప్రేమకు గుర్తులయ్యాయి. ఈ పేరు మార్పును ఆనాటి స్త్రీలే గుర్తించారు. స్త్రీల అభ్యున్నతి కోసం ఏర్పడిన ఒక జాతీయ సంఘం 1878లో, జనాభా లెక్కలలో గృహిణులను ఉత్పత్తి చేయని వారిగా చూపడం తగదని కాంగ్రెసుకు విన్నవించింది. ఆ కోరిక నెరవేరలేదు. స్త్రీలు 20వ శతాబ్దంలో ‘పనిలోకి ప్రవేశించారు’ అన్న వాక్యం పాఠ్యపుస్తకంలో కనిపించినప్పుడు, ఆ ప్రవేశంలో ఎంత భాగం పనిది, ఎంత భాగం లెక్కది అని అడగడానికి ఈ విన్నపం చాలు.

నల్లజాతి స్త్రీల విషయంలో ఆ వాక్యం మరింత అసంబద్ధం. బానిసత్వంలోనూ, తర్వాతా వారు పని చేయని కాలమే లేదు. 1881 వేసవిలో అట్లాంటా నగరంలో బట్టలుతికే నల్లజాతి స్త్రీలు సంఘంగా ఏర్పడి ఒకే ధర కోరుతూ సమ్మె చేశారు. అరెస్టులు జరిగాయి. వారిపై 25 డాలర్ల వార్షిక లైసెన్సు రుసుము విధించాలని నగర సభ తలచింది. రుసుము కడతాం కాని ధర నిర్ణయించే అధికారం మాకే ఉండాలని వారు మేయరుకు తెలిపారు. ఆ శరదృతువులోనే అంతర్జాతీయ పత్తి ప్రదర్శనకు నగరం సిద్ధమవుతూ ఉండటంతో ఆ సమ్మె పాలకులను కలవరపెట్టింది. ఈ స్త్రీల వారసులే 1935 నాటి సామాజిక భద్రతా చట్టం నుంచి మినహాయింపుకు గురయ్యారు. ఇంటి పనివారిని, వ్యవసాయ కూలీలను ఆ చట్టం మొదట కలుపుకోలేదు. ఇక్కడ పనీ మారలేదు, దాని పేరూ మారలేదు. దానికి చట్టం ఇచ్చే విలువ మాత్రం నిలిపివేయబడింది.

6. ఆకరాలు: ఎవరి గొంతు?

బోధనలో విస్తృతంగా వాడే రెండు ఆకరాలను పరిశీలిస్తే ఆధార పరీక్ష ఎంత అవసరమో తెలుస్తుంది. మొదటిది 1851లో ఒహాయోలోని ఆక్రన్ సభలో సోజర్నర్ ట్రూత్ చేసిన ప్రసంగం. నెలలోపే మారియస్ రాబిన్సన్ అనే పాత్రికేయుడు ఆ రాష్ట్రపు బానిసత్వ వ్యతిరేక పత్రికలో దానిని ప్రచురించాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1863లో, ఆ సభాధ్యక్షురాలు ఫ్రాన్సిస్ గేజ్ మరొక పాఠాన్ని ప్రకటించింది. పాఠ్యపుస్తకాలకెక్కిన ప్రసిద్ధ పల్లవి గేజ్ పాఠంలోనే ఉంది, రాబిన్సన్ పాఠంలో లేదు. గేజ్ ఆ ప్రసంగాన్ని దక్షిణాది బానిసల యాసలో రాసింది. ట్రూత్ పుట్టి పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలో, ఆమె మాతృభాష డచ్చి. ఆమెకు పదమూడుగురు పిల్లలని గేజ్ రాసింది. ఉన్నది అయిదుగురు. నెల్ పెయింటర్ 1996 నాటి జీవితచరిత్రలో ఈ భేదాలను విశ్లేషించింది. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చదివించిన తరగతిలో విద్యార్థి ట్రూత్‌ను గురించే కాక, ఒక నల్లజాతి స్త్రీ గొంతును ఆమె మిత్రులే ఎలా తిరగరాశారో కూడా నేర్చుకుంటాడు. తెలుగులో పాఠపరిష్కరణ సంప్రదాయం తెలిసిన వారికి ఈ పద్ధతి కొత్త కాదు. పాఠాంతరాల వెనుక ఎవరి ప్రయోజనం ఉందని అడగడమే ఇక్కడి అదనపు ప్రశ్న.

హారియెట్ జేకబ్స్ విషయంలో పొరపాటు దీనికి విపర్యయం. 1861లో ఆమె మారుపేరుతో వెలువరించిన ఆత్మకథను చాలా కాలం కల్పన అని, ఒక తెల్లజాతి సంపాదకురాలి రచన అని భావించారు. జీన్ ఫేగన్ యెల్లిన్ ఉత్తరాల ఆధారంగా 1980లలో ఆ రచన జేకబ్స్‌దేనని స్థిరపరిచింది. ఒక చోట లేని మాటను ఆమెదన్నారు. మరొక చోట ఉన్న మాటను ఆమెది కాదన్నారు.

రెండవ ఆకరం యుద్ధకాలపు చిత్రం. చేయి మడిచి కండ చూపే కార్మికురాలి పోస్టరు నేడు రెండవ ప్రపంచ యుద్ధ కాలపు స్త్రీకి ప్రతీకగా బోధన సామగ్రి నిండా కనిపిస్తుంది. జె. హోవార్డ్ మిల్లర్ 1943లో వెస్టింగ్‌హౌస్ సంస్థ కోసం గీసిన ఆ చిత్రం ఆ సంస్థ కర్మాగారాలలోనే కొద్ది రోజులు వేలాడింది. స్త్రీలను ఉద్యోగాలలోకి పిలవడం దాని ఉద్దేశం కాదు. అప్పటికే పనిలో ఉన్నవారిని ఉత్సాహపరచడం దాని పని. యుద్ధకాలంలో ‘రోజీ’గా ప్రజలకు ఎక్కువగా తెలిసినది ఒక వారపత్రిక ముఖచిత్రంగా నార్మన్ రాక్‌వెల్ గీసిన బొమ్మ. మిల్లర్ చిత్రానికి ప్రసిద్ధి 1980లలో వచ్చింది. కనుక అది 1943 స్త్రీల కంటే, తమ గతంలో ఒక పూర్వీకురాలిని వెతుక్కున్న 1980ల స్త్రీలను గురించే ఎక్కువ చెబుతుంది.

7. తెలుగు నేలతో సంబంధం

అమెరికా స్త్రీల పాత్రలు అమెరికాలోనే మారలేదు. పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలలో 1879లో పట్టం పుచ్చుకున్న ఆనా సారా కుగ్లర్ 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చింది. వైద్యురాలిగా రావాలన్నది ఆమె కోరిక. మిషన్ ఆమెను మొదట పంపింది అంతఃపురాల స్త్రీలకు బోధించడానికి. రెండేళ్ళ తర్వాతనే వైద్య సేవకు అధికారికంగా అనుమతి వచ్చింది. 1898లో గుంటూరులో స్త్రీల కోసం ఆసుపత్రి తెరుచుకుంది. 1930లో మరణించే వరకు ఆమె అక్కడే పనిచేసింది. స్వదేశంలో వైద్యురాళ్ళకు అవకాశాలు పరిమితమైన కాలంలో ఒక అమెరికా స్త్రీ వృత్తి జీవితం గుంటూరులో వికసించడానికి, పురుష వైద్యుని ముందుకు రాని ఇక్కడి స్త్రీల పరిస్థితి ఒక కారణం. ఒకరి హద్దు మరొకరికి అవకాశమైన ఈ సందర్భాన్ని వలసపాలన, మతప్రచారం, స్త్రీవైద్యం అనే మూడు కోణాల నుంచీ బోధించవలసి ఉంటుంది. అదే కళాశాలలో 1886లో పట్టం పొందిన ఆనందీబాయి జోషి, ఆ పట్టప్రదానానికి అమెరికా వెళ్ళి, తర్వాత 1889లో ఆ దేశాన్ని గురించి మరాఠీలో పుస్తకం రాసిన పండిత రమాబాయి, ఈ చరిత్రకు ఎదురుదిశలోని సాక్షులు.

రెండవ సంబంధం పద్ధతికి చెందినది. మరుగున పడ్డ స్త్రీల రచనలను పునర్ముద్రించడానికి ఫ్లోరెన్స్ హోవ్ 1970లో నెలకొల్పిన ఫెమినిస్ట్ ప్రెస్, సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలోని ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాలను 1991లోనూ, 1993లోనూ న్యూయార్క్ నుంచి ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ కూడా లెర్నర్ అడిగిన ప్రశ్ననే మరొక నేల మీద అడిగింది. పోరాటానికి స్త్రీలు ఏమి చేశారన్న దానితో ఆగక, పోరాటం స్త్రీలకు ఏమి చేసిందని కూడా ఆ గ్రంథం విచారించింది. అమెరికా స్త్రీల చరిత్రను తెలుగు విద్యార్థికి పరిచయం చేసేటప్పుడు దానిని అనుకరించవలసిన ఆదర్శంగా కాక, ఇటువంటి ప్రశ్నల ద్వారా చర్చకు పెట్టడం ప్రయోజనకరం.

8. ముగింపు

పై ఉదాహరణల నుంచి బోధనకు కొన్ని సూచనలు తేలుతాయి. ‘పాత్ర’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేయాలి. స్త్రీలు ఏ పని చేశారు? చట్టం వారిని ఎక్కడ ఆపింది? ఆ పనిని ఎవరు, ఏ పేరుతో నమోదు చేశారు? బాలర్డ్ పుస్తకం మొదటి ప్రశ్నకు, 1662, 1807, 1839, 1922 చట్టాలు రెండవదానికి, 1878 విన్నపం, ట్రూత్ ప్రసంగపు రెండు పాఠాలు మూడవదానికి తగిన పాఠ్యసామగ్రి. కాలరేఖను విడిచిపెట్టనవసరం లేదు. ఒకే గీతకు బదులు తెల్లజాతి, నల్లజాతి, మూలవాసి, వలసవచ్చిన స్త్రీల గీతలను ఒకే పలకపై గీసి, అవి ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ ఎదురెదురుగా సాగుతాయో విద్యార్థులచేతనే గుర్తింపజేయవచ్చు.

ఈ విధంగా బోధిస్తే ఉద్యమాల ఘనత తగ్గుతుందన్న భయం ఉండవచ్చు. నిజానికి వాటి విలువ పెరుగుతుంది. పొందిన హక్కు పోవచ్చునని న్యూజెర్సీ చెబుతుంది. ఒకరికి వచ్చిన హక్కు అందరికీ రాలేదని మిసిసిపీ, కేబుల్ చట్టం చెబుతాయి. ఎదురుగా ఉన్న హద్దును ఇష్టంగా చదివితే ఏమవుతుందో సియర్స్ వ్యాజ్యం చెబుతుంది. ఆ కోర్టు గదిలో చర్చకు వచ్చింది గడిచిన శతాబ్దపు స్త్రీల స్వభావం. ఫలితం అనుభవించింది ఆనాడు దుకాణంలో పనిచేస్తున్న స్త్రీలు. స్త్రీల పాత్ర మారిందని చెప్పే ప్రతి తరగతీ, ఆ పాత్రను ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నను కూడా విద్యార్థి ముందుంచవలసిన బాధ్యత అందువల్లనే ఏర్పడుతున్నది.